ఊగే పన్ను, కాగే గేరుబాక్సు

ప్రొద్దుటూరులో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే, వేయించిన శెనక్కాయల పొట్లం ఒకటి అయిపోయి, రెండోది కొనాలా వద్దా అని ఆలోచించేలోపు పులివెందుల వస్తుంది. మాకు రెండు పగళ్లు పట్టింది. సముద్రాలు దాటి, మంచుకొండలెక్కి వచ్చినవాళ్లు రాసిన యాత్రలు చాలా చదివాను. వాళ్లలో ఒక్కరూ జమ్మలమడుగులో బండి ఆగిపోయిన సంగతి రాయలేదు. ఆ లోటు తీరుద్దామని రాస్తున్నాను.

నేను ప్రొద్దుటూరు మనిషిని. డిగ్రీ అయిపోయింది. నలుగురున్న చోట నోరు తెరవలేను. ఇంట్లో పుస్తకం పట్టుకుని మూల కూర్చుంటే చుట్టాలు "ఈ పాప మాట్లాడ్తే ముత్యాలు రాల్తాయేమో, భద్రంగా దాసిపెట్టుకుంది" అంటారు. రాత్రి పడుకునే ముందు డైరీలో మాత్రం గంపెడు మాట్లాడతాను. అలాంటి నన్ను మా మామ ఈ యాత్రకు వెంటబెట్టుకుని పోయింది మాట్లాడడానికే.

రాజుపాలెం పక్కన, మా మామ ఊర్లో

మామ పేరు ఓబుల్ రెడ్డి, మా అమ్మ తమ్ముడు. శెనగ వేస్తాడు, పత్తి వేస్తాడు, మిగిలిన ప్రాణమంతా ఎడ్ల మీద పెడతాడు. ఆయన దగ్గర రాయుడు, భీముడు అని రెండు గిత్తలున్నాయి. బండలాగుడు పోటీలకని పాలు మరిచిన రోజు నుంచి పెంచాడు. మా అత్త నాగమ్మ అన్నట్టు, ఆయన కొడుకుల పుట్టినరోజులు మరిచిపోతాడు గానీ రాయుడికి ఉలవలు నానబెట్టే యాళ మరిచిపోడు.

బయటివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఈ పోటీల్లో ఎడ్లను వయసు అడిగి కాదు, పళ్లు చూసి తరగతులు చేస్తారు. పాలపళ్లవి ఒక తరగతి, రెండు పళ్లు వచ్చినవి ఇంకొకటి, ఆ పైన నాలుగు, ఆరు. తరగతి పెరిగే కొద్దీ బండ బరువు పెరుగుతుంది. మన బడుల్లాగే అన్నమాట, కాకపోతే ఇక్కడ పుట్టినతేదీ దిద్దుకోవడం కుదరదు. కమిటీవాళ్లు నోరు తెరిపించి చూస్తారు.

మా గిత్తలు రెండు పళ్లవి. ఆ తరగతిలో వాటికి గెలిచే సత్తా ఉందని చుట్టుపక్కల పది ఊర్లకు మామే చెప్పాడు. కానీ పులివెందుల పోటీలకు నాలుగు రోజులుందనగా రాయుడికి పక్క పాలపన్ను ఊగడం మొదలైంది. అది రాలితే కమిటీవాళ్లు నాలుగు పళ్ల కింద రాస్తారు. అక్కడ వచ్చేవి కొండల్లాంటి ఎడ్లు. మా వాటికి ఆశ లేదు.

దానికి తోడు మా అత్త మాట ఒకటుంది. "పదేండ్ల నుంచి సూస్తాండా. ఒగ ప్రైజు లేదు, పాడు లేదు. ఈ తూరి ఏదో ఒగ ప్రైజు రాకపోతే రెండిట్నీ సంతకు తోలేస్తా. గడ్డి మోసి మోసి నా నడుము పొయ్యింది." అత్త అన్నదంటే చేస్తుంది. మామ గొడ్లపాకలోకి పోయి భీముడి మెడ గోకుతూ చాలాసేపు నిలబడ్డాడు.

అందరూ ఎడ్లను పికప్ వ్యాన్లో ఎక్కించుకుని పోతారు. మామ అందరిలాంటివాడైతే ఈ కథ లేదు. బెంగళూరులో ఎవరో అమ్ముకుంటున్న పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నాడు. గేర్లు తనంతట తానే మార్చుకుంటుంది. దానికి వెనక తగిలించడానికి ప్రొద్దుటూరులో ట్రాలీ చేయించాడు. ఏదో దేశంలో గుర్రాలను అలా తీసుకుపోయే వీడియో చూశాడట. ఇబ్బంది ఒక్కటే. బండి ముందున్న తెర మీద ఏం కనిపించినా ఇంగ్లీషులో కనిపిస్తుంది. "నేను తోల్తా, నువ్వు సదువు" అన్నాడు. అలా నాకు ఉద్యోగం దొరికింది.

బయలుదేరే ముందు ఫ్లెక్సీ కట్టారు. బండి ముఖమంతా, బానెట్ అంచు నుంచి బంపర్ కింది దాకా కప్పేసే ఫ్లెక్సీ. నడుమ రాయుడు, భీముడు. కుడివైపు నల్ల కళ్లద్దాలతో మామ. పైన ఎడమ మూల గుండ్రటి చట్రంలో ఊరి పెద్దాయన. కింద వరసగా శ్రేయోభిలాషుల తలలు. మా వైపు ఫ్లెక్సీ లేకుండా చెవులు కుట్టడం కూడా జరగదు కాబట్టి నాకేమీ వింతగా అనిపించలేదు. కట్టేటప్పుడు మామ ఒకటే జాగ్రత్త చెప్పాడు.

"పెద్దాయన మొగం మింద ముడత పడగూడదు. పడిందంటే రేపు ఊర్లో మాట పడాల."

నాలుగు మూలలా బిగించి లాగి కట్టారు. ఒక్క ముడత లేదు.

ప్రొద్దుటూరు

ఊరు ఇంకా కొంచెం దూరం ఉందనగా తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. గేరుబాక్సు ఆయిల్ వేడెక్కింది, బండి పక్కకు ఆపండి అని వాటి అర్థం. నేను చదివాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ చదివాను. మూడోసారికి మామ "ఏందో గొణుగుతాండావు పాపా" అన్నాడు. అప్పటికి మెకానిక్ షెడ్డు ముందే ఉన్నాం.

మెకానిక్ పేరు శీనా. బానెట్ ఎత్తి లోపలికి తొంగిచూసి, ఇంజిన్ వేడి చూపించే ముల్లు ఎక్కడుందని అడిగాడు. నడుమనే ఉంది. "మరేమిటికి ఏడుస్తాండాది ఇది?" అన్నాడు.

"ఇంజిన్ గాదంట. గేరుబాక్సంట" అన్నాడు మామ.

"రెండూ ఒగే ఇంట్లో ఉండేటియ్యే గదప్పా. ఇంజిన్ చల్లగుంటే అన్నీ చల్లగుంటాయి." రేడియేటర్లో పాత నీళ్లు వదిలేసి, కొత్తగా పచ్చటి కూలెంట్ పోశాడు. పైనుంచి పైపుతో నీళ్లు కొట్టి దుమ్ము కడిగాడు. కడుగుతూ ఫ్లెక్సీ మీద మురికి నీళ్లు పడితే, గుడ్డ తడిపి పెద్దాయన మొహం తుడిచాడు. "ఫ్లెక్సీ బాగుందప్పా. యాడ ఏయించినావు?"

"మైదుకూరు రోడ్డులో."

"ఏసీ గూడా సల్లగా రాలేదంటివే?"

"గ్యాసు తగ్గినట్టుండాది. అది తర్వాత సూపిస్తాలే."

ఈలోపు రోడ్డున పోయేవాళ్లు ఆగుతున్నారు. మా జిల్లాలో బండి బానెట్ ఎత్తితే పెళ్లి పందిరి వేసినట్టే, పిలవకపోయినా వస్తారు. వచ్చిన ప్రతివాడూ రెండు పనులు చేశాడు. రాయుడి పెదవి ఎత్తి పన్ను చూశాడు. తర్వాత మామ దగ్గరికి వచ్చి, ఈ లోకంలో తనకే తట్టిన మాటలాగా, "ఎద్దల్ని ముందర గట్టి, బండిని ఎనక గట్టుకుంటే సరిపోదా మామా?" అన్నాడు. ఈ మాట మేం పులివెందుల చేరేలోపు ఎంతమంది నోట విన్నామో లెక్క లేదు. మామ జవాబు మాత్రం ఒక్కటే. "నా ఎద్దలకు పోటీ ఉండాది. పోటీకి ముందర గడ్డిపరక గూడా లాగనీను."

బండి చల్లారేదాకా హోటల్లో ఎర్రకారం దోశ తిన్నాం. మా ఊరి కారం దోశ గురించి ఎక్కువ చెప్పను. తిన్నవాళ్లకు చెప్పక్కర్లేదు, తిననివాళ్లు నమ్మరు. దోశ మీద పప్పులపొడి చల్లి, వెన్న పెట్టి, అది కరిగేలోపే ముందు పెడతారు. మామ ఒక దోశ తిని లేచాడు. మామూలుగా నాలుగు తింటాడు. ఆయన భయపడుతున్నాడని నాకు అప్పుడు తెలిసింది.

జమ్మలమడుగు

జమ్మలమడుగు మా దారిలో లేదు. పులివెందులకు ఎర్రగుంట్ల మీదుగా నేరుగా పోవచ్చు. కానీ మా ఎడ్లను పోటీలో తోలే దస్తగిరి జమ్మలమడుగులో ఉంటాడు. గిత్తలకు మామ మాట కంటే దస్తగిరి ఈల ఎక్కువ.

ఆ దారిలో మళ్లీ ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఈసారి గట్టిగా చదివాను, అంటే మామూలు మనుషులు మెల్లగా మాట్లాడినంత. ఆపాం. అరగంట చల్లారనిచ్చి కదిలాం. మళ్లీ వచ్చాయి. మళ్లీ ఆపాం. సైకిల్ మీద గడ్డిమోపు పెట్టుకుని పోయే ముసలాయన ఒకడు మమ్మల్ని దాటిపోయాడు, మేం ఆయన్ని దాటాం, ఆయన మళ్లీ మమ్మల్ని దాటాడు. మూడోసారి దాటేటప్పుడు "జమ్మలమడుగులో ఏమన్నా సెప్పాల్నా?" అని మర్యాదగా అడిగాడు.

పెన్న ఒడ్డుకు చేరేసరికి పొద్దు వాలింది. ఏట్లో ఇసుకే. దస్తగిరి ఇంటి ముందు బండి ఆగగానే ఆయన మమ్మల్ని పలకరించలేదు. నేరుగా ట్రాలీ ఎక్కి రాయుడి నోట్లో వేలు పెట్టాడు.

"ఉండాదా?" అన్నాడు మామ.

"ఉండాది. గట్టి మేత పెట్టొద్దప్పా. ఉలవలు మెత్తగా ఉడకబెట్టి, పిండి మాదిరి జేసి పెడదాం. మా నాయినకు పెట్టినట్ల."

దస్తగిరి భార్య మాబున్ని. ఇక్కడ ఒక ఆచారం మాకూ వాళ్లకూ తేడా. ప్రొద్దుటూరులో ఇంటికొచ్చినవాళ్లను "తిని వచ్చినారా?" అని అడుగుతాం. అవునంటే వాళ్లు బతుకుతారు, మేమూ బతుకుతాం. జమ్మలమడుగులో అడగరు. ముందు పళ్లెం పెడతారు, తర్వాత "ఏమిటికి తినవు?" అని అడుగుతారు. రాగి సంగటి ముద్ద, కోడికూర. చాలు అన్నాను. నా "చాలు" ఎవరికి వినపడుతుంది. ఇంకో ముద్ద పడింది.

మాబున్ని తమ్ముడు కువైట్లో డ్రైవరు. అతనికి వీడియో కాల్ చేసి ఫోను బండి చుట్టూ తిప్పి చూపించారు. అతను ఎడారిలో ఇలాంటివి రోజూ తోలతాడట. అందరం ఊపిరి బిగబట్టి విన్నాం. "ఒగసారి ఆఫ్ జేసి ఆన్ జెయ్యండి" అన్నాడు. తర్వాత "ఎద్దల్ని ముందర గట్టండి" అన్నాడు. అంత దూరం నుంచి కూడా.

పొద్దున ఖాదర్ అనే మెకానిక్‌ను పిలిపించారు. ఇతను శీనా లాగా కాదు, గేరుబాక్సు దగ్గరికే పోయాడు. లోపలి ఆయిల్ కొంచెం తీసి తెల్లగుడ్డ మీద అద్దాడు. ఎర్రగా ఉండాల్సింది కాఫీ డికాషన్ రంగులో ఉంది. మాడిన వాసన.

"ఆయిల్ కాలిపొయ్యింది మామా. మార్చాల."

"ఏమిటికి కాలింది?"

"బరువు. ఏమనుకుంటివి, రెండు ఎద్దలు, ట్రాలీ. ఎత్తెక్కేటప్పుడు గేరు దించి మెల్లగా పో. అది తనంతకు తాను గేర్లు మార్చుకుంటా ఉంటే ఆయిల్ మరగతాది."

ఆయిల్ మార్చాడు. సరైన పనే. కానీ నాకు ఒక సందేహం వచ్చింది. పది రోజుల ముందు ఇదే బండి, ఇదే ట్రాలీ, ఇవే ఎడ్లతో మామ ప్రొద్దుటూరు పశువుల ఆసుపత్రికి వచ్చి పోయాడు. అప్పుడు అక్షరాలు రాలేదు. బరువు అదే కదా.

బండిలో నా సీటు ముందు అరలో, బండితోపాటు వచ్చిన పుస్తకం ఉంది. నాలుగొందల పేజీల పైన, అంతా ఇంగ్లీషు, బెంగళూరులో ఎవరూ తెరిచినట్టు లేదు. వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాను. కథ పలచన, కానీ మధ్యలో పట్టు ఉంది. ఈ రకం గేరుబాక్సులో ఇంజిన్ బలం ఆయిల్ ద్వారానే చక్రాలకు అందుతుందట. బరువు లాగే కొద్దీ ఆ ఆయిల్ కాగుతుంది. కాగిన ఆయిల్ సన్నటి గొట్టాల్లో బండి ముందుకు వచ్చి, గ్రిల్లు వెనకే ఉన్న చిన్న జల్లెడలాంటి దానిలో తిరిగి, ఎదురుగాలికి చల్లబడి వెనక్కి పోతుంది. ఏసీ వేడిని వదిలే జల్లెడ కూడా దాని పక్కనే. ఇంజిన్‌కు పెద్ద ఫ్యాను ఉంది కాబట్టి అది ఎట్లనో ఒకట్ల గాలి లాక్కుంటుంది. ముందు కూర్చున్న ఈ చిన్నవాటికి ఎదురుగాలే దిక్కు. బరువు లాగేటప్పుడు గ్రిల్లుకు ఏదీ అడ్డం పెట్టవద్దు అని ఆ పేజీ కింద నల్లటి అక్షరాల్లో రాసి ఉంది.

నేను తలెత్తి బండి వైపు చూశాను. నల్ల కళ్లద్దాలతో మామ నా వైపే చూస్తున్నాడు. పైన పెద్దాయన నవ్వుతున్నాడు. ఒక్క ముడత లేదు.

ఏసీ చల్లగా రాకపోవడం, గేరుబాక్సు కాగడం, రెండూ ఫ్లెక్సీ కట్టిన రోజే మొదలయ్యాయి. ఇంత తెలిశాక చేయాల్సింది లేచి పోయి ఒక్క మాట చెప్పడం. లేచాను. బండి చుట్టూ మామ, దస్తగిరి, ఖాదర్, పక్కింటి ఇద్దరు ఉన్నారు. నేను వెళ్లి నిలబడ్డాను. మాటలన్నీ ఆగిపోయాయి.

"ఏం పాపా, ఏమన్నా గావాల్నా?" అన్నాడు దస్తగిరి.

"మంచినీళ్లు" అన్నాను.

చెంబుతో తెచ్చి ఇచ్చారు. తాగాను. కాసేపటికి మళ్లీ ధైర్యం తెచ్చుకుని వెళ్లాను. "పాపకు దప్పి ఎక్కువగా ఉన్నట్టుండాది" అని ఈసారి అడగకుండానే మజ్జిగ ఇచ్చారు. మూడోసారి పోలేదు. కడుపులో చోటు లేదు.

మీరు అనుకోవచ్చు, అంత చిన్న మాట చెప్పడానికి ఏమిటి అని. మా వైపు పుట్టినవాళ్లకు అది చిన్న మాట కాదని తెలుసు. ఆ ఫ్లెక్సీ విప్పమంటే మామ మొహం విప్పమన్నట్టు, ఎడ్ల పేరు విప్పమన్నట్టు. పెద్దాయనను దారిలో మడతపెట్టి డిక్కీలో వేశారని ఊర్లో తెలిస్తే ఆ వేడి ఏ కూలెంటుకూ చల్లారదు. అందుకేనేమో ఇద్దరు మెకానిక్‌లు దాని మీద చెయ్యి ఆనించి, మోచెయ్యి ఆనించి పని చేశారు గానీ, అది అక్కడ ఎందుకుంది అని ఒక్కరూ అడగలేదు.

ముద్దనూరు దాటినాక

మిట్టమధ్యాహ్నం ముద్దనూరు దాటాం. దస్తగిరి ఎడ్లతో పాటు ట్రాలీలోనే ఉన్నాడు, రాయుడి తల పట్టుకుని, గతుకులు వచ్చినప్పుడల్లా వాడి దవడ కింద చెయ్యి పెట్టి. వెనక దూరంగా కలమల్ల థర్మల్ కరెంటు కేంద్రం పొగగొట్టాలు కనిపించాయి. వాళ్లదీ వేడి కష్టమే, కానీ వాళ్లకు చల్లబెట్టుకోవడానికి ఆకాశమంత తొట్లు ఉన్నాయి, వాటికి ఎవరూ ఫ్లెక్సీలు కట్టలేదు.

ఎత్తు మొదలయ్యే చోట అక్షరాలు వచ్చాయి. కొత్త ఆయిల్ పోసి మూడు గంటలు కాలేదు. టీ కొట్టు పక్కన ఆపాం. కొట్టంటే నాలుగు కర్రల మీద రేకు. నడిపే ముసలామె మా వాలకం చూసి టీ పెట్టకముందే జాలిపడింది. చుట్టూ ముళ్లకంపలే, ట్రాలీని నీడకు తోలుదామంటే చెట్టు లేదు. పైకప్పు లేని ట్రాలీలో గిత్తలు నోరు తెరుచుకుని రొప్పుతున్నాయి.

పొద్దుగుంకేలోపు పేర్లు రాయించుకోవాలి. ముందు ఇంకా ఎత్తంతా ఉంది. మామ బానెట్ ఎత్తలేదు. ట్రాలీ ఎక్కి రాయుడి పెదవి ఎత్తి చూసి, దిగి వచ్చి కల్వర్టు గోడ మీద కూర్చున్నాడు. తలకు కట్టుకున్న తువాలు విప్పి మోకాలి మీద వేసుకున్నాడు.

"పోనీలే పాపా" అన్నాడు. "వాటికి సంతే రాసిపెట్టినట్టుండాది. కొనేవోడు మంచోడైతే సాలు."

పదేళ్లలో ప్రైజు రాకపోయినా ఆయన గొంతు అలా పలకడం నేను వినలేదు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నా మీద, పుస్తకం మీద, పెద్దాయన నవ్వు మీద. లేచి నిలబడి, రాత్రంతా డైరీలో రాసుకున్నా రానంత పెద్ద గొంతుతో అన్నాను.

"మామా, ఎద్దులకు ఎండ తగుల్తాంది. ఫ్లెక్సీ విప్పి పైన కప్పుదాం."

ముసలామె టీ గిన్నె దించడం ఆపి నా వైపు చూసింది. నేను చెప్పాలనుకున్నది అది కాదు. నోటికి వచ్చింది అది. ఒకసారి బయటికి వచ్చాక అదే మేలనిపించింది.

మామ ఎడ్ల వైపు చూశాడు, ఫ్లెక్సీ వైపు చూశాడు. "పెద్దాయన ఉండాడు గదా దాంట్లో."

"పైకి పెడదాం మామా. మొగం ఆకాశం వైపుంటాది. ముడత పడదు."

ట్రాలీలోంచి దస్తగిరి అన్నాడు, "ఇప్పుడు బంపర్ కాడుండాడు. అప్పుడు నెత్తిన ఉంటాడు. ఇంకేం గావాలప్పా?"

ఆ మాట పనిచేసింది. విప్పారు. విప్పగానే గ్రిల్లు లోంచి పొయ్యి మూత తీసినట్టు వేడి కొట్టింది. మామ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ట్రాలీ ఊచలకు నాలుగు వైపులా బిగించి కట్టాం. పెద్దాయన సూర్యుడికి ఎదురుగా నవ్వుతూ పడుకున్నాడు. ముసలామె రెండు నిమ్మకాయలు తెచ్చి బండి చుట్టూ తిప్పి చక్రాల కింద పెట్టింది. "దిష్టి నాయినా. ఇంత తెల్లటి బండికి తగలకుండా ఎట్ల ఉంటాది?" టీకి దుడ్లు తీసుకుంది, నిమ్మకాయలకు తీసుకోలేదు.

చల్లారేదాకా ఉండి, ఖాదర్ చెప్పినట్టు గేరు దించి ఎత్తెక్కడం మొదలుపెట్టాం. నేను తెర వైపు రెప్ప వేయకుండా చూశాను. మొదటి మలుపు దాటాం. రెండోది దాటాం. అక్షరాలు రాలేదు. మూడో మలుపు దగ్గర నా మోచేతికి చల్లగా ఏదో తగిలింది. ఏసీ.

మామకూ తగిలింది. ఆయన ఎడమచెయ్యి తీసి ఆ గాలికి ఎదురుగా పెట్టాడు. కాసేపు అలాగే ఉంచాడు. బానెట్ వైపు చూశాడు. మళ్లీ స్టీరింగ్ పట్టుకున్నాడు.

పైకి చేరేసరికి ఖాదర్ ఫోన్ చేశాడు. "సెప్పినా గదా మామా, ఆయిలే."

"నీ పుణ్యమేప్పా" అన్నాడు మామ.

కాసేపటికి శీనా చేశాడు. కూలెంట్ ఇప్పుడు పట్టిందన్నాడు. వాడికీ పుణ్యం దక్కింది. దస్తగిరి తన మెడలో ఉన్న తాయెత్తు ముట్టుకున్నాడు. ఎవరి వైద్యం వాళ్లకు ఫలించింది. నేను పుస్తకాన్ని అరలో పెట్టి మూసేశాను.

పులివెందుల

పులివెందులకు దగ్గరవుతుంటే నేల ఎర్రగా ఎండిపోయి ఉన్నట్టే ఉంటుంది, ఉన్నట్టుండి పచ్చగా అరటితోట. పక్కనే చీనీ చెట్లు, అంటే బత్తాయి. ఎంత లోతు నుంచి నీళ్లు తోడితే అంత పచ్చదనమో మా మామ లాంటి రైతులను అడిగితే చెప్తారు, కానీ అడిగితే రోజంతా పడుతుంది. ఒక తోట దగ్గర దారి అడిగాం. కాపలా ఆయన దారి చెప్పి, మాట్లాడకుండా కిటికీలోంచి నా ఒళ్లో చీనీకాయలు పోశాడు. మా ప్రొద్దుటూరులో దారి చెప్తారు, కాయలు తూకం వేస్తారు.

మైదానం ముందు మామ బండి ఆపి, ఫ్లెక్సీ విప్పి, దుమ్ము దులిపి, మళ్లీ ముందు కట్టాడు. నేను గుండె రాయి చేసుకున్నాను. మైదానంలోకి అలా పోకపోతే పోయినట్టు కాదు, అది నాకూ తెలుసు.

పేర్లు రాసుకునే చోట బల్ల వెనక కళ్లద్దాల మనిషి ఒకాయన కూర్చున్నాడు. వరసలో మా ముందున్న ఎడ్లను చూసి ఒక జతను పై తరగతికి పంపాడు. వాటి యజమాని వాదించాడు, బతిమాలాడు, చివరికి తన ఎద్దునే తిట్టాడు. మా వంతు వచ్చింది. దస్తగిరి రాయుడి మూతి పట్టుకున్నాడు. కళ్లద్దాల ఆయన వంగి, బొటనవేలితో పన్ను మీద నొక్కాడు. అది వెనక్కి పోయి ముందుకు వచ్చింది.

"ఊగుతాండాది" అన్నాడు.

"ఊగుతాండాది గానీ ఉండాది" అన్నాడు మామ.

"రేపు పొద్దనకు ఉంటాదా?"

"రేపటి సంగతి నాకెందుకన్నా. నువ్వు సూసింది ఇయ్యాళ."

ఆయన మామ వైపు, ఎద్దు వైపు, బండి ముందున్న ఫ్లెక్సీ వైపు చూశాడు. "రెండు పళ్లు" అని రాసుకున్నాడు. మామ చెయ్యి నా భుజం మీద పడింది.

అర్ధగంట తర్వాత నేను చీనీకాయ తొక్కలు రాయుడి ముందు వేశాను. వాడు ఒకటి నమిలి, తల విదిలించి, తొక్కతో పాటు పన్ను ఉమ్మేశాడు. మామ దాన్ని మట్టిలోంచి తీసి, తుడిచి, చొక్కా జేబులో వేసుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. కళ్లద్దాల ఆయన ఆ సాయంత్రం మా వైపు రెండుసార్లు వచ్చిపోయాడు, ఆ రెండుసార్లూ దస్తగిరి రాయుడి నోట్లో గడ్డి ఉండేలా చూశాడు.

మర్నాడు పోటీ. బండ కదిలే చప్పుడు నేను పుస్తకాల్లో చదవలేదు. నేల మూలిగినట్టుంటుంది. దస్తగిరి పక్కన పరిగెత్తుతూ ఈల వేశాడు. గిత్తలు మోకాళ్లు వంచి, మెడలు ముందుకు చాచి లాగాయి. జనం అరుపుల్లో నేనూ అరిచాను. చుట్టూ వేలమంది అరుస్తుంటే సిగ్గుపడడానికి చోటు దొరకదని అప్పుడే తెలుసుకున్నాను. పక్కన చీనీ రసం అమ్మే ఆమె "మీ ఎద్దలా పాపా?" అంది. "మావే" అన్నాను. గట్టిగా.

ఐదో స్థానం వచ్చింది. ప్రైజులు ఐదే. మొదటి ప్రైజు కొట్టిన జత మామూలు పికప్ వ్యాన్లో వచ్చింది. దానికి ఫ్లెక్సీ లేదు. ఈ రెండు సంగతులూ మామ గమనించనట్టే ఉన్నాడు.

అత్తకు ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టాడు.

"వచ్చింది" అన్నాడు.

"ఎన్నోది?"

మామ గొంతు సవరించుకున్నాడు. "ఐదోది."

"ఏదో ఒగటి అంటిని నేను" అంది అత్త. "నా నోరే నాకు పగ. సరే, రాండి. గడ్డి కోసి పెడతా."

తిరుగు దారి

పోటీలయ్యాక అందరికీ చెప్పి, బిర్యానీ తిని, బయలుదేరేసరికి సాయంత్రమైంది. నేను ఆ రోజంతా మనసులో ఒకటే మాట కూడబలుక్కుంటున్నాను. ఫ్లెక్సీ ముందే ఉంది. ఇప్పుడు దాని మీద ఐదో ప్రైజు అని రంగు కాగితం కూడా అంటించారు. దిగుడే కదా అనుకోవడానికి లేదు, ముద్దనూరు దాటాక పొడుగు దారి ఉంది, బరువు అదే. ఎర్ర అక్షరాలు వస్తాయి, మళ్లీ శీనా, మళ్లీ ఖాదర్. ఈసారి చెప్పాల్సిందే. ఎండ సాకు కూడా లేదు. పొద్దు కొండల వెనక్కి జారిపోయింది, చల్లటి గాలి వస్తోంది, పడమట మబ్బు పట్టింది.

గిత్తలను ఎక్కించారు. నేను తలుపు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాను. "మామా" అన్నాను.

మామ నా వైపు చూడలేదు. బండి ముందుకు పోయాడు. రెండు మోకాళ్ల మీద కూర్చుని, ఒక మూల ముడి విప్పాడు, రెండో మూల విప్పాడు. ఫ్లెక్సీని జాగ్రత్తగా, ముడత పడకుండా, రెండు చేతుల మీద పరుచుకుని ట్రాలీ దగ్గరికి వచ్చాడు.

"ఎద్దలకు ఎండ తగుల్తాది" అన్నాడు.

దస్తగిరి తలెత్తి మబ్బు వైపు చూశాడు. మామ వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"అవునప్పా" అన్నాడు. "శానా ఎండగా ఉండాది."

పెద్దాయన మొహం పైకి వచ్చేలా తిప్పి, మామ ఒక కొస నాకు అందించాడు. నేను పట్టుకున్నాను.